చీపురుకు పాస్‌వర్డ్ ఎందుకు?

మానవుడు తయారుచేసుకున్న పనిముట్లలో చీపురు అంత సులభమైనది మరొకటి లేదు. దానిని వాడడానికి సూచనల పుస్తకం అక్కరలేదు. ఎవరి అనుమతీ అక్కరలేదు. చేత పుచ్చుకుంటే చాలు, పని మొదలవుతుంది. ఇప్పుడు దాని స్థానంలోకి రోబో వస్తోంది. పళ్ళెం ఆకారంలో ఉండే ఈ యంత్రం గదులన్నీ తిరుగుతూ దుమ్మును పీల్చుకుంటుంది. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలోని బహుళ అంతస్తుల భవనాలలో దీనికి గిరాకీ ఉండడంలో వింత లేదు. వేసవిలో రాజస్థాన్ వైపునుంచి వీచే వేడిగాలి తలుపులు మూసినా దుమ్మును ఇంట్లోకి తెస్తుంది. ఉదయం తుడిచిన నేల సాయంత్రానికి మళ్ళీ గరగరలాడుతుంది.

కానీ ఈ కొత్త చీపురు పెట్టెలోంచి బయటకు రాగానే ఊడ్వడం మొదలుపెట్టదు. ముందు స్మార్ట్‌ఫోన్ కావాలంటుంది. ఫోనులో యాప్ కావాలి. ఆ తరువాత ఇంటి వై-ఫై పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. అన్నీ ఇచ్చాక చాలా ఇళ్ళలో తెరమీద కనిపించే వాక్యం ఒక్కటే: 'కనెక్షన్ విఫలమైంది. మళ్ళీ ప్రయత్నించండి.' ఈ వ్యాసం ఆ వాక్యం మీద విమర్శ. యంత్రం చెడ్డదని కాదు. అది మనతో మాట్లాడే తీరు విజ్ఞానశాస్త్రానికి తగినట్టు లేదని.

జత కలపడం అంటే ఏమిటి?

రోబోకు తెర లేదు, అక్షరాల మీటలు లేవు. మరి మన ఇంటి పాస్‌వర్డ్ దానికి చెప్పడం ఎలా? ఇంజనీర్లు ఇందుకు రెండు మూడు చమత్కారమైన మార్గాలు కనిపెట్టారు.

మొదటి మార్గంలో రోబో తానే కొద్దిసేపు చిన్న వై-ఫై కేంద్రంగా మారుతుంది. మన ఫోను ఇంటి వై-ఫైని వదిలి రోబో వై-ఫైలో చేరుతుంది. యాప్ ఆ దారిలో ఇంటి నెట్‌వర్క్ పేరును, పాస్‌వర్డ్‌ను రోబోకు అందిస్తుంది. వెంటనే రోబో తన కేంద్రాన్ని మూసేసి, ఇంటి రౌటర్‌ను వెతుక్కుని అందులో చేరుతుంది. అక్కడినుంచి ఇంటర్నెట్ ద్వారా కంపెనీ సర్వర్‌ను చేరుకుని తన పేరు నమోదు చేసుకుంటుంది.

రెండవ మార్గం మరింత తమాషా అయినది. ఇందులో ఫోను ఇంటి వై-ఫైలోనే ఉండి, గాలిలోకి వరుసగా సమాచారపు పొట్లాలను పంపుతుంది. అవి రహస్య లిపిలో ఉంటాయి కనుక రోబో వాటిని చదవలేదు. కానీ పొట్లం పొడవును కొలవగలదు. అంటించిన కవరులోని ఉత్తరాన్ని చదవలేకపోయినా కవరు ఎంత మందంగా ఉందో బయటినుంచే తెలుస్తుంది కదా! ఏ మందానికి ఏ అక్షరమో ముందే ఒప్పందం ఉంటే కవర్లు విప్పకుండానే సందేశం అందుతుంది. కొన్ని పరికరాలలో పాస్‌వర్డ్ సరిగ్గా ఇలాగే ప్రయాణిస్తుంది. మూడవ మార్గం బ్లూటూత్. ఇటీవలి యంత్రాలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఇంత అందమైన ఆలోచన వెనుక ఉంటే, సూచనల పుస్తకంలో దాని గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. 'బటన్ 3 సెకన్లు నొక్కండి, దీపం వెలిగేవరకు ఆగండి' అని మాత్రం ఉంటుంది. అంటే మంత్రం ఉంటుంది, అర్థం ఉండదు.

ఒక వాక్యం వెనుక పది కారణాలు

'విఫలమైంది' అన్న మాట వెనుక ఏమేమి ఉండవచ్చో చూద్దాం.

అన్నిటికంటే సాధారణమైన కారణం పౌనఃపున్యం. ఇళ్ళలోని వై-ఫై ప్రధానంగా రెండు పట్టీలలో పనిచేస్తుంది: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిదాని తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు. రెండవదానిది అందులో సగం కంటే తక్కువ. పొడవైన తరంగాలు ఇటుక గోడలను కొంత మెరుగ్గా దాటుతాయి, చిప్ చౌకగా వస్తుంది, రోబోకు పంపే ఆజ్ఞలేమో చాలా చిన్నవి. అందుచేత అనేక రోబోలలో 2.4 గిగాహెర్ట్జ్ చిప్ ఒక్కటే పెడతారు. కొత్త రౌటర్లు రెండు పట్టీలనూ ఒకే పేరుతో ప్రసారం చేస్తాయి. ఫోను వేగంగా ఉన్న 5 గిగాహెర్ట్జ్‌లో చేరుతుంది. కవర్ల మందం పద్ధతిలో అది పంపే పొట్లాలు రోబోకు వినిపించనే వినిపించవు. ఆకాశవాణిలో మీడియం వేవ్ మాత్రమే పట్టే రేడియో ముందు ఎఫ్.ఎం. కార్యక్రమం కోసం కూర్చున్నట్టు ఉంటుంది.

రెండవ కారణం రద్దీ. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005లో లైసెన్సు అవసరం లేని వాడకానికి తెరిచారు. దాని వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒకదానిపై ఒకటి పడకుండా అందులో మూడు చానళ్ళకే చోటుంది: 1, 6, 11. 5 గిగాహెర్ట్జ్‌లో 2018లో మొత్తం 605 మెగాహెర్ట్జ్ వెడల్పును విడుదల చేశారు. కానీ మన రోబో ఆ విశాలమైన రోడ్డు మీదికి రాలేదు. నోయిడాలోనో ద్వారకలోనో ఒక ఫ్లాటులో నిలబడి ఫోనులో వై-ఫై జాబితా తెరవండి. పైవాళ్ళు, కిందివాళ్ళు, ఎదుటివాళ్ళు అందరి పేర్లూ కనిపిస్తాయి. వీరంతా ఆ మూడు సందులలోనే నడవాలి. పక్కింటి మైక్రోవేవ్ పొయ్యి కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది.

మూడవ కారణం ఫోను తెలివి. రోబో వై-ఫైలో చేరిన ఫోను, 'ఇందులో ఇంటర్నెట్ లేదే' అని గ్రహించి, మనకు చెప్పకుండా మొబైల్ డేటాకు మారిపోతుంది. యాప్ పంపిన పాస్‌వర్డ్ రోబోకు చేరదు. నాల్గవది అనుమతులు. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి చుట్టుపక్కల వై-ఫైలను వెతకాలంటే లొకేషన్ అనుమతి కావలసి వచ్చింది. చుట్టూ ఉన్న వై-ఫై పేర్లను బట్టి మనిషి ఎక్కడున్నాడో కనిపెట్టవచ్చు కనుక ఈ నియమం సబబైనదే. కానీ ఊడ్చే యంత్రం నా చిరునామా ఎందుకు అడుగుతోందని 'వద్దు' నొక్కిన వివేకవంతుడికి దక్కేది మళ్ళీ అదే వాక్యం: విఫలమైంది.

ఇంకా ఉన్నాయి. రౌటర్‌లో డబ్ల్యు.పి.ఎ.3 అనే కొత్త భద్రతా పద్ధతి పెట్టి ఉంటే పాత చిప్‌లకు అది అర్థం కాదు. హాస్టళ్ళలో, పేయింగ్ గెస్ట్ వసతులలో వై-ఫైకి బ్రౌజర్ తెరిచి పేరు, పాస్‌వర్డ్ కొట్టాలి. తెర లేని రోబో ఆ పేజీని ఎలా తెరుస్తుంది? పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం బదులు చిన్నక్షరం పడినా, కంపెనీ సర్వర్ పనిచేయకపోయినా జవాబు ఒకటే.

గమనించవలసిన విషయం ఏమిటంటే, వీటిలో చాలావరకు యంత్రానికి తెలుసు. రౌటర్ కనిపించకపోవడం వేరు, కనిపించినా పాస్‌వర్డ్ కుదరకపోవడం వేరు, చేరినా సర్వర్ పలకకపోవడం వేరు. చిప్ లోపల వీటికి వేరువేరు సంకేతాలున్నాయి. ఆ తేడాలన్నీ చెరిపేసి ఒక్క మాటగా మన ముందు పెడుతున్నది యాప్ తయారుచేసినవారు. సామాన్యుడికి వివరాలెందుకు అన్నది వారి వాదన. జ్వరం వచ్చిన వ్యక్తికి 'ఆరోగ్యం విఫలమైంది, మళ్ళీ ప్రయత్నించండి' అని వైద్యుడు చీటీ రాసిస్తే మనం ఒప్పుకుంటామా?

పావురాలు నేర్పిన పాఠం

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1948లో ఒక ప్రయోగాన్ని ప్రచురించాడు. ఆకలిగా ఉన్న పావురాలను పెట్టెలలో ఉంచి, అవి ఏమి చేసినా చేయకపోయినా నియమిత వ్యవధిలో గింజలు అందేటట్టు ఏర్పాటు చేశాడు. కొంతసేపటికి ఒక పావురం గిరగిరా తిరగసాగింది. మరొకటి పెట్టె మూలకు తల విసరసాగింది. గింజ వచ్చిన క్షణంలో ఏది చేస్తూ ఉన్నదో దానివల్లే గింజ వచ్చిందన్నట్టు ప్రవర్తించాయవి. ఆయన దీనిని మూఢనమ్మకంతో పోల్చాడు.

రోబోను వై-ఫైకి కలిపేవారిని చూడండి. ఒకరు ఫోనును రోబోమీద ఆనించి పట్టుకుంటారు. ఒకరు రౌటర్‌ను మూడుసార్లు ఆపి వెలిగిస్తారు. ఒకరు యాప్‌ను తీసేసి మళ్ళీ పెడతారు. ఏదో ఒకసారి కలుస్తుంది. ఆ క్షణాన ఏమి చేస్తున్నారో అదే కిటుకు అని బంధువులకు చెబుతారు. తప్పు వారిది కాదు. కారణం చెప్పని యంత్రం మనిషిని పావురాన్ని చేస్తుంది. మన రాజ్యాంగంలో 1976లో చేర్చిన ప్రాథమిక విధులలో శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ఒకటి. ఇంట్లోకి వచ్చిన అత్యాధునిక యంత్రమే తంతును నేర్పుతూ ఉంటే ఆ దృక్పథం ఎక్కడ పెరుగుతుంది?

విద్యార్థులు ఇక్కడ చేయగలిగింది ఉంది. ఒకసారి ఒక్క అంశాన్ని మాత్రమే మార్చి చూడండి. రౌటర్‌లో అతిథి నెట్‌వర్క్ సదుపాయం ఉంటే దానిని 2.4 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పెట్టి ప్రయత్నించండి. కలిస్తే కారణం పట్టీ అయి ఉండవచ్చు. కలవకపోతే అలాగే ఉంచి మొబైల్ డేటా ఆపండి. ఆ తరువాత అనుమతులు చూడండి. ఫలితాలు కాగితం మీద రాసుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే యంత్రం కలవవచ్చు గాని మనకు తెలిసేది ఏమీ ఉండదు.

ఇంటి పటం ఎవరి చేతిలో?

అసలు ఈ జత ఎందుకు అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఐరోబోట్ సంస్థ 2002లో విడుదల చేసిన మొదటి రూంబాకు వై-ఫై లేదు. బటన్ నొక్కితే ఊడ్చేది. అదే సంస్థ 2015లో వై-ఫై ఉన్న రూంబా 980 తెచ్చింది. వై-ఫై వల్ల లాభాలు లేకపోలేదు. గదుల పటం ఫోనులో కనిపిస్తుంది, వంటగది మాత్రమే ఊడవమనవచ్చు, ఆఫీసునుంచే పని మొదలుపెట్టించవచ్చు.

దూరంనుంచి నడిపే యంత్రం విలువ ఏమిటో ఢిల్లీకి బాగా తెలుసు. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మొదటి రోజులలో, గురుగ్రామ్‌కు చెందిన మిలాగ్రో సంస్థ రోబోలను ఢిల్లీ ఎయిమ్స్‌లో ప్రయోగాత్మకంగా వాడారు. ఐమ్యాప్ 9 అనే యంత్రం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో నేలను శుద్ధిచేస్తే, మరొక రోబో ద్వారా వైద్యులు దూరంగా ఉండి రోగులతో మాట్లాడే వీలు కల్పించారు. మనిషి అడుగుపెడితే ప్రమాదమైన చోట యంత్రాన్ని దూరంనుంచి నడపడం అవసరమే. కానీ మన వసారాకు ఆ అవసరం ఎంత? నోయిడాలో సోఫా మీద కూర్చుని పక్కనే ఉన్న రోబోకు 'ఊడువు' అంటే ఆ మాట అనేక సందర్భాలలో ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్ళి తిరిగి రావాలి.

ఈ ఏర్పాటుకు మూల్యం ఉంది. 2022 డిసెంబరులో ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ పత్రిక, పరీక్ష దశలోని రూంబాలు ఇళ్ళలో తీసిన చిత్రాలు సామాజిక మాధ్యమాలకు ఎక్కిన సంగతి బయటపెట్టింది. వాటిలో స్నానాలగదిలో ఉన్న ఒక మహిళ చిత్రం కూడా ఉంది. అవి మామూలు కొనుగోలుదారులవి కావని, చిత్రీకరణకు అంగీకరించిన పరీక్షకుల ఇళ్ళవని సంస్థ చెప్పింది. 2024 ఆగస్టులో ఇద్దరు భద్రతా పరిశోధకులు ఎకోవాక్స్ రోబోలను బ్లూటూత్ ద్వారా వంద మీటర్లకు పైబడిన దూరంనుంచి లొంగదీసుకోవచ్చని చూపారు. మూడవ ఉదాహరణ నియాటో. ఆ సంస్థ 2023లో మూతపడింది. సర్వర్లు కనీసం 5 ఏళ్ళు నడుస్తాయన్న హామీ ఉండగానే 2025లో వాటిని ఆపేశారు. మోటారు, బ్యాటరీ బాగానే ఉన్న యంత్రాలు బటన్‌తో మాత్రమే నడిచే స్థితికి వచ్చాయి.

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. చట్టం మంచిదే. అయితే అంగీకారం అడిగే పేజీ చదివి అర్థం చేసుకోగలిగితేనే అంగీకారానికి విలువ. గుంటూరునుంచి కొడుకు ఇంటికి వచ్చిన తల్లికి ఆంగ్లంలోని ఆ పేజీ ఏమి చెబుతుంది? యంత్రం ఉండేది ఆమె ఇంట్లో, అంగీకారం కొడుకు ఫోనులో.

అడగవలసినవి

కనుక తయారీదారులను మనం అడగవలసినవి నాలుగు. ఒకటి, వైఫల్యానికి కారణం చెప్పాలి, అదీ మన భాషలో చెప్పాలి. రెండు, ఇంటర్నెట్ లేకపోయినా బటన్‌తో పూర్తి పని జరగాలి. మూడు, ఫోనూ రోబో ఒకే ఇంట్లో ఉన్నప్పుడు ఆజ్ఞ ఇల్లు దాటి పోకూడదు. ఇది అసాధ్యమేమీ కాదు. పరికరాలు ఇంటి నెట్‌వర్క్‌లోనే మాట్లాడుకునే మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణంలో 2023 అక్టోబరునుంచి ఊడ్చే రోబోలకు కూడా చోటుంది. నాలుగు, ఏ పట్టీలో పనిచేస్తుందో, సర్వర్ సేవలు ఎన్నేళ్ళు ఇస్తారో పెట్టెమీదే ముద్రించాలి. మందుసీసామీద గడువు తేదీ ముద్రించడం లేదా?

కొనేవారు ఇవి అడిగితే అమ్మేవారు మారతారు. అడగాలంటే లోపల ఏమి జరుగుతోందో కొంతైనా తెలిసి ఉండాలి. తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం అనే పాఠాలు పరీక్షల కోసం మాత్రమే కాదు. మన ఇంట్లో తిరిగే యంత్రాన్ని 'నీవు ఎందుకు విఫలమయ్యావు?' అని నిలదీయడానికి కూడా అవే పనికివస్తాయి.