పాతబడ్డాకే పనికొచ్చే చీర

బొంత కుట్టడానికి కొత్త గుడ్డ పనికిరాదు. కొత్త నూలుగుడ్డ మొదటి ఉతుకుల్లో ముడుచుకుంటుంది. నాలుగైదు పొరలు పరిచి కుట్టాక ఒక పొర లాక్కుపోయి ఇంకొకటి లాక్కుపోకపోతే బొంతంతా గుట్టలు గుట్టలుగా లేస్తుంది. ఏళ్ల తరబడి ఉతికి ఎండేసిన చీరకు ఆ బెడద లేదు, ముడుచుకోవాల్సిందంతా ముందే ముడుచుకుపోయి ఉంటుంది. సూది తేలిగ్గా దిగుతుంది, గుడ్డ చెమట పీలుస్తుంది. అయితే మరీ నలిగి, వేలు పెడితే చిరిగే దశకు వచ్చాక కూడా లాభం లేదు. ఆ రెంటికీ మధ్య చీరను పట్టుకోవడంలోనే ఉంది పనితనం.

గూడూరు అనగానే రైల్వే జంక్షనూ, నిమ్మకాయల మార్కెట్టూ, అభ్రకం గనులూ గుర్తొస్తాయి. 2022లో నెల్లూరు జిల్లా నుంచి విడిపోయి తిరుపతి జిల్లాలో చేరిన ఊరు. ఇంటి చేతిపనుల విషయంలో దీనికి ప్రత్యేకంగా పేరేమీ లేదు గానీ, ఆ పనులకు కావలసిన సరుకు మాత్రం చుట్టుపక్కలే దొరుకుతుంది. ఒక పక్క వెంకటగిరి మగ్గాల నూలు చీరలు, ఇంకో పక్క నిమ్మకాయలు నింపే గోతాలు.

వెంకటగిరి చీర నేత సన్నం. బొంతకు పైపొరగా వేస్తే రాపిడికి తట్టుకోదు. దాని అసలు చోటు పసిబిడ్డ పొత్తిగుడ్డ. జరీ అంచు గుచ్చుకుంటుందని ముందే కోసేస్తారు. ముతక చీరలు, పంచెలు, లుంగీలు బొంతకు. ఆరు గజాల చీర సగానికి మడిస్తే మూడు గజాల పొడవు, రెండున్నర మూరల వెడల్పు వస్తుంది, ఒక మనిషికి చాలు. ఇద్దరికి కావాలంటే రెండు చీరలు పక్కపక్కన అతకాలి.

నేల మీద కింది చీర పరిచి, మూలలకు బరువులు పెట్టి, మధ్యలో చిరుగుల ముక్కలన్నీ సర్దుతారు. ఒక ముక్క అంచు మీద ఇంకో ముక్క అంచు ఎక్కకూడదు, ఎక్కితే అక్కడ గట్టులా తేలి వీపుకు తగులుతుంది. పైచీర కప్పి, మధ్య నుంచి అంచులవైపు పెద్ద పెద్ద టాకాలు వేస్తూ ముడతలు బయటికి నెడతారు. అసలు కుట్టు ఆ తర్వాతే. కొందరు అంచు వెంబడి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు, కొందరు నిలువు వరసలు వేస్తారు. వరసకూ వరసకూ మధ్య ఒకటి రెండు వేళ్ల ఎడం. ఎడం ఎక్కువైతే ఉతికినప్పుడు లోపలి ముక్కలు ఒక మూలకు జారతాయి. మరీ తక్కువైతే పొరల మధ్య గాలి నిలవక బొంత అట్టలా తయారవుతుంది. గూడూరులో వణికించే చలి లేదు కాబట్టి బొంత ఇక్కడ కప్పుకునేదాని కన్నా పరుచుకునేదే ఎక్కువ. ఆశ్వయుజ, కార్తీక వానలకు నేల చెమ్మగిల్లినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

బెంగాల్లో కాంథా, ఉత్తర కర్ణాటకలో కౌది, ఉత్తర కన్నడ సిద్దీ ఆడవాళ్ల కవంది, అన్నీ ఇదే పని. జపాన్ పేదరైతుల అతుకుల బట్ట 'బోరో' ఇప్పుడు మ్యూజియాలకెక్కింది. మనం మాత్రం చుట్టాలొస్తే బొంత దాచి కొత్త దుప్పటి తీస్తాం.

పాత గుడ్డలాగే పాత కాగితమూ పనికొస్తుంది, కానీ దాని సంగతి వేరు. పాత కాగితాలు చింపి రెండు మూడు రోజులు నీళ్లలో నానేస్తారు. మెంతులు విడిగా నానుతాయి. నీళ్లు పిండేసి రెండూ కలిపి రోట్లో వెన్నలా రుబ్బుతారు. మెంతుల జిగురు కాగితపు పీచును పట్టి ఉంచుతుంది. ఆ గుజ్జు వెదురుచాటకు పూస్తే సందులు మూసుకుపోయి పిండి, రవ్వ కారదు. బోర్లించిన గిన్నెకు తడిగుడ్డ చుట్టి, దాని మీద పూసి ఎండబెడితే బుట్ట తయారు. రుబ్బడంలో బద్ధకిస్తే ఎండాక బీటలు తప్పవు. తడి తగలనీయకపోతే ఏళ్లపాటు ఉంటుంది.

గోతానికి దబ్బనం, పురికొస చాలు. విప్పి, రెండు మడతలు వేసి, చుట్టూ కుడితే గుమ్మం ముందు పట్టా. దాని మీద చీరపేలికలు జడలా అల్లి చుట్టి కుడితే ఇంకా గట్టి. ఇక్కడ మాత్రం పాలిస్టర్ చీరదే పైచేయి, తడికి కుళ్లదు, తొందరగా ఆరుతుంది.

బొంతను దెబ్బతీసింది ఆ పాలిస్టరే. తీరిక లేకపోవడం, బజార్లో పరుపులు చవకగా దొరకడం కూడా ఉన్నాయి గానీ, అసలు దెబ్బ ఇది. జారుడు గుడ్డ, పొరలు నిలవవు, చెమట పీల్చదు. ఆ చీరలు మూటకట్టి స్టీలు సామాను అమ్మేవాళ్లకు వేసి ఒక గిన్నె తీసుకోవడమే నయమనిపించింది ఇల్లాళ్లకు. తప్పుపట్టలేం. ఈ మధ్య సీసాలకు రంగులేసి, సీడీలకు పూసలంటించి 'వేస్ట్ నుంచి బెస్ట్' అంటున్నారు. అందులో సగం నెల తిరక్కుండా అటకెక్కుతుంది. బొంత రోజూ వీపు కింద ఉంటుంది. చిరిగితే పైన ఇంకో చీర వేసి కుడతారు, అదీ పోతే మసిగుడ్డలవుతుంది.

ఇప్పుడు మొదలుపెట్టాలనుకునేవాళ్లు చీరల బీరువాలో వెతక్కండి. నూలు ఇవాళ ఇంట్లో నైటీలు, లుంగీలు, పక్కదుప్పట్ల రూపంలో ఉంది. నైటీకి కుట్లు విప్పి, చేతులు, మెడ పట్టీ కోసి పక్కన పెడితే ముందూ వెనకా రెండు పెద్ద పలకలు వస్తాయి. ఒక్కోటీ చీర పొడవు రాదు కాబట్టి నాలుగైదింటిని అతికి పైపొర చేయాలి. అతుకులన్నీ లోపలివైపుకే ఉండాలి. గుండీల పట్టీ మాత్రం మరిచిపోకుండా తీసేయండి, ఎంత మడిచినా వీపుకు గుచ్చుకుంటుంది.