శిక్ష పడితే సరిపోదు

నేరం జరిగాక కేసు ప్రభుత్వానికీ నిందితుడికీ మధ్య నడుస్తుంది. నష్టపోయిన మనిషి బోనెక్కి, అడిగినదానికి జవాబిచ్చి దిగిపోవాలి. ‘నా ఇంటిమీదే ఎందుకు పడ్డావు? మళ్లీ వస్తావా?’ అని అడిగే అవకాశం తీర్పు వెలువడ్డాక కూడా రాదు. ఇష్టపడిన బాధితులను, తప్పు ఒప్పుకున్నవారిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, జరిగిన నష్టాన్ని ఎలా పూడ్చాలో తేల్చే పునరుద్ధరణ న్యాయం ఆ లోటు తీరుస్తుంది. 1974లో కెనడాలోని ఎల్మైరాలో ఇద్దరు కుర్రాళ్లు ఒకే రాత్రి 22 చోట్ల టైర్లు కోసి, అద్దాలు పగలగొట్టి విధ్వంసం చేశారు. ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ చొరవతో జడ్జి వాళ్లను బాధితుల దగ్గరికి పంపారు. ఒక్కో తలుపూ తట్టి ‘ఆ పని చేసింది మేమే’ అని చెప్పుకున్నారు. ఎంత నష్టమైందో ఇంటివాళ్ల నోటే విన్నారు. కొన్ని నెలల్లోనే పరిహారం చెల్లించారు. జైల్లో ఎవరికీ ముఖం చూపకుండా శిక్షాకాలం గడిపేయవచ్చు. బాధితుల గుమ్మం ముందు మాత్రం ముఖం దాచుకునే వీలుండదు.

అందుకే ‘సారీ చెప్పి తప్పించుకుంటారు’ అనే విమర్శ నిలవదు. న్యూజిలాండ్ 1989లోనే బాలనేరస్తుల కోసం, బాధితులూ పాల్గొనే కుటుంబ సమావేశాలను చట్టంలో చేర్చింది. నేరశాస్త్రవేత్తలు లారెన్స్ షెర్మన్, హెదర్ స్ట్రాంగ్‌ల బృందం 2013లో పది ప్రయోగాలను సమీక్షించి, ఇలాంటి ముఖాముఖీల తర్వాత మళ్లీ నేరం చేయడం కొంత తగ్గిందని, బాధితులకూ ఎక్కువ తృప్తి కలిగిందని తేల్చింది. తగ్గుదల పెద్దదేమీ కాదు, కానీ కొట్టిపారేయదగ్గదీ కాదు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం మన ఊళ్లలోనే ఉంది. అమ్మాయిపై అఘాయిత్యం జరిగితే పెద్దమనుషులు ఆమె ఇంటివాళ్ల మెడలు వంచి చేయించే రాజీలు మనకు తెలియనివి కావు. పేరు మార్చి వాటినే తెస్తే అది ఘోరం. తప్పు ముందే ఒప్పుకోవాలి, బాధితులు ఎప్పుడైనా లేచి వెళ్లిపోగలగాలి, శిక్షణ పొందిన మధ్యవర్తి ఇరుపక్షాలతో ముందు విడివిడిగా మాట్లాడాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా సమావేశం జరపకూడదు. గృహహింసలాగా భయం ఇంకా వెంటాడుతున్న చోట మరింత జాగ్రత్త అవసరం. నేరమే చేయలేదనేవారి సంగతి కోర్టే తేల్చాలి. మన చట్టం చిన్న నేరాల్లో రాజీకి ఇప్పటికే వీలు కల్పిస్తోంది. అయితే రాజీతో కేసు మూసేయడం వేరు, బాధితుల ప్రశ్నకు జవాబు దొరకడం వేరు. జువెనైల్ జస్టిస్ బోర్డులకు కౌన్సెలింగ్‌కు, సమాజసేవకు ఆదేశించే అధికారం ఎలాగూ ఉంది. అడిగిన ప్రతి బాధితుడికీ ఆ జవాబు వినే హక్కు కల్పించే పని అక్కడే మొదలుపెట్టాలి.