దయ్యాల యాత్రలు, హరేలీ రాత్రి

సూర్యాస్తమయం తరువాత పర్యాటకులను చిన్న బృందాలుగా వెంటబెట్టుకొని, దయ్యాలు తిరుగుతాయని పేరుపడిన పాత భవనాలను, శ్మశానాలను, ఆలయ ప్రాంగణాలను చూపించే యాత్రలు నేడు అనేక దేశాలలో ఒక స్థిరమైన వినోదంగా రూపొందాయి. లండన్, ఎడింబరో నగరాలకు ఇవి కొత్త కావు. ఆసియాలో బ్యాంకాక్ ఇందుకు ప్రసిద్ధి పొందింది. మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వ పర్యాటక శాఖ 2023లో మాల్చా మహల్‌కు ఇటువంటి నడకను ఏర్పాటు చేసింది. ఇతర నగరాలూ ఈ బాటను అనుసరించే అవకాశం ఉన్నందున, ఈ యాత్రలు ఏ కథలను చెబుతున్నాయి, వేటిని చెప్పకుండా వదలివేస్తున్నాయి అన్న విషయం పరిశీలింపదగినది.

థాయ్ దయ్యాలలో అగ్రస్థానం మేనాక్‌ది. బ్యాంకాక్‌లోని ప్రఖనోంగ్ కాలువ ఒడ్డున నివసించిన నాక్ అనే గర్భిణి, భర్త మాక్ సైన్యంలోకి వెళ్లిన కాలంలో ప్రసవవేదనతో బిడ్డతో సహా మరణించింది. తిరిగి వచ్చిన భర్తకు భార్యాబిడ్డలు యథాప్రకారం ఇంట్లోనే కనిపించారు. ఒకనాడు వంట చేస్తుండగా నిమ్మకాయ నేలపలకల సందులోనుంచి కింద పడింది. ఆమె చేయి చాచగా అది సాగి సాగి నేలను తాకింది. అది చూసి మాక్ ప్రాణభీతితో బౌద్ధాలయానికి పరుగెత్తాడు. చివరకు ఒక భిక్షువు ఆమెను శాంతింపజేశాడని కథ. 1999లో వచ్చిన 'నాంగ్ నాక్' చిత్రం దీనిని కరుణరసభరితంగా తెరకెక్కించగా, 2013లో వచ్చిన 'పీ మాక్' హాస్యంగా మలచి అపారమైన ధనాన్ని ఆర్జించింది.

అయితే ఈ కథ సినిమాలవల్ల బ్రతకలేదు. వాట్ మహాబుత్ ప్రాంగణంలో మేనాక్‌కు ఒక గుడి ఉన్నది. భక్తులు ఆమెకు పట్టుచీరలవంటి దుస్తులు, బిడ్డకు ఆటబొమ్మలు సమర్పిస్తారు. ఆమెకు కాలక్షేపంగా ఉండాలని టెలివిజన్ పెట్టి ఉంచుతారు. అన్నిటికంటె విశేషం మరొకటి. థాయ్‌లాండ్‌లో ప్రతి ఏప్రిల్‌లో సైనిక సేవకు యువకులను చీట్లు తీయించి ఎంపిక చేస్తారు. ఎర్రచీటీ వచ్చినవాడు సైన్యంలో చేరాలి, నల్లచీటీ వచ్చినవాడు ఇంటికి పోవచ్చు. నల్లచీటీ రావాలని మేనాక్‌ను వేడుకొనే యువకులు ఎందరో. సైన్యం తన భర్తను తీసుకుపోయిన కారణంగానే తనకు ఆ గతి పట్టింది కనుక ఆమె తమ మొర ఆలకిస్తుందని వారి విశ్వాసం. ప్రసవంలో చనిపోయే స్త్రీ, సైన్యానికి కొడుకును అప్పగించే కుటుంబం — ఒక సమాజం తన రెండు దుఃఖాలను ఒక దయ్యం చేతిలో పెట్టి భద్రపరచుకొన్నది. ఈ గుడి ముందు నిలబెట్టి ఈ కథను సవ్యంగా చెప్పే యాత్రను కేవలం భయంతో చేసే వ్యాపారమని తోసిపుచ్చడం న్యాయం కాదు.

మన ఢిల్లీలోనూ ఇటువంటి స్థలం లేకపోలేదు. ఫిరోజ్ షా కోట్లా శిథిలాలలో గురువారంనాడు జనం జిన్నులకు అర్జీలు వ్రాసి పెడతారు. ఒకే అర్జీకి నకళ్లు తీయించి వేర్వేరు గూళ్లలో ఉంచేవారూ ఉన్నారు. కార్యాలయాల చుట్టూ తిరిగిన అనుభవం కలవారికి ఇది వింతగా తోచదు. మాల్చా మహల్ సంగతి వేరు. తుగ్లక్ కాలపు ఆ వేటవిడిదిలో, అవధ్ రాజవంశానికి వారసురాలినని చెప్పుకొన్న విలాయత్ మహల్ 1985 నుండి తన బిడ్డలతో నివసించి, 1993లో అక్కడే ప్రాణం తీసుకొన్నది. ఆమె కుమారుడు 2017లో మరణించాడు. ఇంత సమీప గతంలోని కుటుంబ విషాదాన్ని దయ్యాల ఖాతాలో జమచేయడం తొందరపాటు అనిపించుకొంటుంది.

థాయ్ జానపద గాథల్లో మరొక పార్శ్వం ఉన్నది. పర్యాటకులకు దానిని నవ్వుగానో గగుర్పాటుగానో మాత్రమే చూపిస్తుంటారు. అది 'ఫీ పోప్'. మనిషిలో ప్రవేశించి పేగులు తినివేసే ఈ దయ్యాన్ని గురించి హాస్యచిత్రాల పరంపరే వెలువడింది. కాని ఈశాన్య థాయ్‌లాండ్ గ్రామాలలో ఫీ పోప్ అనేది మరణించిన వ్యక్తి కాదు. పొరుగింటిలో సజీవంగా ఉన్న మనిషికి తగిలించే పేరు. ఊరిలో వరుసగా చావులు సంభవిస్తే ఎవరో ఒకరిని ఫీ పోప్‌గా నిర్ణయించి వెళ్లగొట్టేవారు. ఆ విధంగా వెలివేయబడిన కుటుంబాలకు పందొమ్మిదవ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆశ్రయం ఇచ్చారు. ఒకే భాషలో, ఒకే 'ఫీ' అన్న మాటకింద రెండు భిన్నమైన విషయాలు ఇమిడి ఉన్నాయన్నమాట: ఒకటి చనిపోయినవారి స్మృతి, రెండవది బ్రతికినవారిపై మోపే అభియోగం.

ఈ భేదం భిలాయి వంటి చోట ప్రాణావసరమవుతుంది. 1955 ఫిబ్రవరి 2న కుదిరిన భారత-సోవియట్ ఒప్పందం ఫలితంగా వెలసి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకొన్న ఈ నగరం ఆధునికతకు నిలువుటద్దంగా భావింపబడింది. అంకెలతో పిలిచే సెక్టార్లు, సూటిగా సాగే వీధులు, శ్రీకాకుళం మొదలు పంజాబు వరకు నలుదిక్కులనుండి వచ్చిన కార్మికులు — ఇటువంటి ఊరిలో దయ్యానికి చోటెక్కడ అనిపించవచ్చు. కాని సుపేలా, కోహ్కా, రిసాలీ అన్నవి కర్మాగారానికి ముందునుండి ఉన్న గ్రామాల పేర్లే.

ఆ గ్రామాల పంచాంగంలో శ్రావణ అమావాస్య హరేలీ పండుగ. రైతులు నాగలిని, పారను కడిగి పూజిస్తారు. పిల్లలు గేడీ అనే వెదురు మరగాళ్లపై నడుస్తారు. గుమ్మాలకు వేపమండలు గుచ్చుతారు. కమ్మరి ఇంటింటికీ వచ్చి ద్వారబంధానికి ఇనుపమేకు కొడతాడు. వేప, ఇనుము రెండూ ఆ రాత్రి సంచరిస్తుందని నమ్మే 'టోన్హీ'ని ఇంట్లోకి రానీయకుండా ఆపుతాయట. లక్షల టన్నుల ఉక్కు పట్టాలు తయారుచేసే కర్మాగారం చెంతనే ఒక్క మేకు ఈ పని చేస్తున్నది! టోన్హీ నోటినుండి నిప్పు వెలుగుతుందని చెప్పుకొంటారు. మన కొరివిదయ్యం, థాయ్ ప్రజల 'క్రసూ' ఇదే కోవలోనివి. క్రసూ కూడా పగలు సాధారణ స్త్రీయే. రాత్రివేళ ఆమె తల మొండెం వీడి కాంతితో ఎగిరిపోతుందంటారు.

టోన్హీ మరణించిన స్త్రీ కాదు. ఆమె పేరు, ఇల్లు ఊరందరికీ తెలుసు. తరచుగా ఆమె వితంతువు, ఒంటరి, లేదా ఎవరికో కావలసిన భూమి ఉన్న మనిషి. పశువు చచ్చినా, బిడ్డకు జ్వరం తగ్గకపోయినా బైగా ఆమె వైపు వేలు చూపవచ్చు. తరువాతి కథలో అవమానం, దెబ్బలు, ఒక్కొక్కప్పుడు హత్య ఉంటాయి. ఈ కారణంగానే 2005లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం టోన్హీ ప్రతాడన నివారణ చట్టాన్ని తెచ్చింది. ఒక వ్యక్తిని టోన్హీగా పేర్కొనడమే మూడు సంవత్సరాల వరకు, ఆ పేరుతో హింసించడం ఐదు సంవత్సరాల వరకు కఠిన కారాగారశిక్షకు తగిన నేరం. తెలుగువారు దీనిని పొరుగురాష్ట్రపు వింతగా చూడనవసరం లేదు. బాణామతి, చిల్లంగి అన్న మాటలు మన పల్లెలలోనూ మనుషుల ప్రాణాలు తీశాయి.

కనుక బ్యాంకాక్ నమూనాను ఛత్తీస్‌గఢ్‌కు యథాతథంగా తెచ్చి, దీపాలు ఆర్పి టోన్హీ కథ చెప్పించి టిక్కెట్టు వసూలు చేయడం సంస్కృతీ పరిరక్షణ అనిపించుకోదు. ఏ మాటను ఒక మనిషికి తగిలించడమే నేరమని చట్టం చెబుతున్నదో ఆ మాటకు అది ప్రచారం చేసిపెట్టినట్లవుతుంది. ఉక్కునగరపు మృతులను ఈ వినోదంలోకి లాగడం సైతం అంతే అనుచితం. 2014 జూన్ 12న కర్మాగారంలో విషవాయువు వెలువడి ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరు 9న గ్యాస్ గొట్టం వద్ద జరిగిన విస్ఫోటనంలో మరి కొందరు ప్రాణాలు కోల్పోయారు. వారి కుటుంబాలు ఇంకా మన మధ్యనే ఉన్నాయి.

చీకటిలో నడిపించే యాత్ర ఈ ప్రాంతంలో అసలు లేదనుకోవడం కూడా పొరపాటే. రాయ్‌పూర్ నేత్రవైద్యులు డాక్టర్ దినేశ్ మిశ్ర నాయకత్వంలో అంధవిశ్వాస నిర్మూలన కార్యకర్తలు హరేలీ అమావాస్య రాత్రి గ్రామాలలో పర్యటిస్తారు. టోన్హీ కనిపిస్తుందని చెప్పే చెరువుగట్లకు, శ్మశానాలకు వెళ్లి చూస్తారు. అరుగులమీద కూర్చొని జనంతో మాట్లాడతారు. దీనికి టిక్కెట్టు లేదు, గగుర్పాటూ లేదు. కళాదృష్టితో చూస్తే ఇందులో ఒక లోపం చెప్పవచ్చు: పండుగలోని గేడీ ఆటను, నాగలిపూజను, పాటను గురించి మాట్లాడక భయాన్ని గురించే ఎక్కువగా మాట్లాడవలసి వస్తుంది. హరేలీకి 2019లో ప్రభుత్వం సెలవుదినం ప్రకటించిన తరువాత పండుగ కోలాహలం నగరాలకూ వ్యాపించింది. అయినా ఆ కోలాహలం ముగిసి, గుమ్మాన వేపమండ వాడిపోయే వేళకు, ఊరి చివర ఇంటిలో ఒంటరిగా ఉన్న వృద్ధురాలి తలుపు తట్టి పలకరించేది ఈ నడకలో వచ్చినవారే.