మెలకువుంటే అడగదూ

శనివారం రాత్రి టీవీలో పిల్లల పాటల పోటీ చూశాను. చూడనని ఈ కాలమ్‌లోనే రెండుసార్లు ఒట్టు పెట్టుకున్నవాణ్ణి. మా ఆవిడ చూస్తుంటే మంచినీళ్ళకని అటు వెళ్ళి నిలబడిపోయాను. పదమూడేళ్ళుంటాయేమో, ఓ పిల్ల పాత సినిమాలోని పాట పాడింది, తల్లి పోయిన బిడ్డ పాడుకునే పాట. శ్రుతి తప్పలేదు, పైకి వెళ్ళినా గొంతు జీరపోలేదు. పాట అయ్యాక జడ్జిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అంతా బాగుందమ్మా, ఫీల్ చాల్లేదు" అన్నారు. అక్కడితో ఊరుకున్నా పోయేది. "మీ అమ్మ లేదనుకుని ఇంకోసారి పాడు" అన్నారు. ఆ అమ్మ రెండో వరసలో కూర్చునే ఉంది. కెమెరా చటుక్కున ఆవిడ మొహం మీదికి తిరిగింది. పిల్ల పాడింది, తల్లి ఏడ్చింది, జడ్జిగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను మంచినీళ్ళు తాగకుండానే వచ్చేశాను.

'ఫీల్' అనే మాట మీద నాకున్న పగ మీకు కొత్త కాదు. వంటాయన్ని పిలిచి పప్పులో ఉప్పు తగ్గిందంటే ఓ చిటికెడు వేస్తాడు. పప్పులో ఫీల్ తగ్గిందంటే గరిటె మన చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు. పాడేవాళ్ళకి మాత్రం ఆ అవకాశం లేదు, పైగా పదమూడేళ్ళ పిల్ల.

ఇలా ఒళ్ళు మండిన రాత్రుళ్ళు నేను జార్జ్ జోన్స్‌ని వింటాను. (మళ్ళీనా అని మీరు అనుకోవడం ఇక్కడికి వినిపిస్తోంది.) విశాఖలో చదువుకునే రోజుల్లో, ఓడల మీద పనిచేసే మా రూమ్మేటు వాళ్ళన్నయ్య తెచ్చిచ్చిన క్యాసెట్‌తో పట్టుకున్న జబ్బిది. అమెరికా వాళ్ళ కంట్రీ సంగీతం. మన పత్రికల్లో దీన్ని ఇప్పటికీ 'అమెరికా జానపదం' అని రాస్తుంటారు, అది ఇంకో ఒళ్ళుమంట. జానపదానికి కర్త పేరుండదు. కంట్రీ పాటకి కర్త పేరుంటుంది, అతనికో ఆఫీసుంటుంది, రాయల్టీలో వాటా ఉంటుంది. నాష్‌విల్‌లో మ్యూజిక్ రో అనే పేట ఉంది. పొద్దున పదింటికి ఇద్దరో ముగ్గురో ఓ గదిలో చేరి, కాఫీ పెట్టుకుని, ఇవాళ ఎవరి గుండె పగలగొడదామా అని కూర్చుంటారు. మధ్యాహ్నానికి పాట తయారు. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది.

ఎందుకంటే నాకు ముందు తెలిసినవాడు హాంక్ విలియమ్స్. పాటలో ఎంత ఒంటరితనముందో బతుకులోనూ అంత ఉన్నవాడు. 1953 జనవరి 1న, పాడాల్సిన ఊరికి వెళుతూ దారిలో, కారు వెనకసీట్లో పోయాడు. ఇరవై తొమ్మిదేళ్ళు. అలా బతికినవాడే అలా రాయగలడని నమ్మే వయసు నాది.

జోన్స్ బతుకూ ఏమంత సుఖమైంది కాదు. తాగుడు మానిపించాలని భార్య కారు తాళాలు దాచేస్తే, గడ్డి కోసే మిషనెక్కి సారా కొట్టుకి వెళ్ళిన ఘనుడు. 1969లో టామీ వైనెట్ అనే మరో పెద్ద గాయనిని పెళ్ళి చేసుకున్నాడు, 1975లో విడిపోయారు. 1980లో వచ్చింది అతని పాట 'హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే'. చచ్చేదాకా నిన్నే ప్రేమిస్తానని ఒకడు ఒకామెకి చెప్పాడు. ఆమె వెళ్ళిపోయింది. వీడు గోడ మీద ఆమె ఫొటో ఉంచుకున్నాడు, పాత ఉత్తరాలు దాచుకున్నాడు. ఇవాళ ప్రేమించడం మానేశాడు. అంటే ఏమైందో మీకు తెలిసిపోయింది కదా, అంతే కథ. టామీని తల్చుకునే పాడాడని లోకమంతా అంది. నేనూ ఈ కాలమ్‌లో ఒకసారి అలాగే రాసి, విజయవాడ నుంచి ఒక పాఠకుడి చేత చీవాట్లు తిన్నాను. తర్వాత చదివి తెలుసుకున్నదిదీ.

పాట రాసింది బాబీ బ్రాడక్, కర్లీ పట్మన్. ఇద్దరూ ఒకే ప్రచురణ సంస్థలో పాటలు రాసేవాళ్ళు. 1968లో టామీ వైనెట్‌కి బ్రహ్మాండమైన పేరు తెచ్చిన విడాకుల పాట రాసిందీ ఈ ఇద్దరే. మొగుడి ఏడుపూ పెళ్ళాం ఏడుపూ ఒకే దుకాణం సరుకు! బిల్లీ షెరిల్ అనే నిర్మాత ఈ కొత్త పాట చూసి, బావుంది గానీ చాల్లేదు, ఆమె చివరికి ఇతన్ని చూడ్డానికి వచ్చినట్టు ఒక ముక్క రాసుకు రండి అన్నాడు. రాసుకొచ్చారు. జోన్స్‌కి పాట నచ్చలేదు. ఈ చావు పాట ఎవడు కొంటాడన్నాడు. పాడమంటే క్రిస్ క్రిస్టోఫర్సన్ పాటొకదాని వరస పట్టుకుని అందులోకి జారిపోయేవాడట. మధ్యలో పాడకుండా మాటల్లో చెప్పాల్సిన నాలుగు ముక్కలున్నాయి. మత్తులో నాలుక తిరక్క అవి కుదిరేవి కావు. పాట పాడినదానికీ ఆ మాటలు చెప్పినదానికీ మధ్య ఏడాది పైనే పట్టిందని షెరిల్ చెప్పేవాడు. జోన్స్ ఒక్కడే పాడిన పాటకి ఆరేళ్ళ తర్వాత మళ్ళీ మొదటిస్థానం వచ్చింది దీనితోనే. గ్రామీ వచ్చింది. 2013లో జోన్స్ పోతే అంత్యక్రియల సభలో అలన్ జాక్సన్ అనే గాయకుడు పాడిందీ ఈ పాటే.

జడ్జిగారూ, ఎక్కడండీ ఇందులో ఫీల్? రాసినవాళ్ళది ఉద్యోగం, రాయించినవాడిది వ్యాపారం, పాడినవాడికి పాటంటేనే ఇష్టం లేదు. కంట్రీ గాయని డాలీ పార్టన్ పాట 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' సంగతీ అంతే. విట్నీ హ్యూస్టన్ గొంతులో విని మనవాళ్ళు పెళ్ళి వీడియోల్లో కూడా పెట్టుకున్న పాట. తనకి టీవీ షోలో పని ఇచ్చిన పోర్టర్ వాగనర్‌తో ఇక మానేస్తానని చెప్పలేక చెప్పడానికి డాలీ రాసుకున్నది. ఒక రకంగా రాజీనామా పత్రం.

ఇంతవరకూ రాసి, వాదన గెలిచినట్టే అనుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. మా పెద్దత్త గుర్తొచ్చింది.

మా నాన్నకి అక్క. ఊరు దుగ్గిరాల దగ్గర. ఆవిడ రాగాలు తీసి ఏడవడంలో ఎంత పేరున్నదంటే, చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఎవరు పోయినా, పాడె కట్టేవాడితో పాటు ఆవిడకీ కబురు వెళ్ళేది. డబ్బు తీసుకునేది కాదు, అదో మర్యాద. నాకు తొమ్మిది పదేళ్ళప్పుడు రెండు మూడుసార్లు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. బస్సు దిగేది, ఆ ఇంటి బయట నూతి దగ్గర కాళ్ళు కడుక్కునేది. తిన్నగా శవం దగ్గరికి వెళ్ళేది కాదు. దొడ్లోకి వెళ్ళి, ఇంట్లో చిన్నకోడల్నో పెళ్ళికాని ఆడపిల్లనో పక్కకి పిలిచి అడిగేది. ఆఖర్న ఏం తిన్నాడు? ఎవర్ని తల్చుకున్నాడు? రాత్రి ఏ మంచం మీద పడుకునేవాడు? పెద్దకోడల్ని అడిగేది కాదు. "పెద్దవాళ్ళు మంచివాడనే చెబుతారురా, దాంతో ఏం ఏడుస్తాం" అనేది.

ఓసారి మిల్లులో గుమస్తాగా చేసిన ఓ ముసలాయన పోయాడు. వానున్నా లేకున్నా గొడుగు లేకుండా గడప దాటేవాడు కాదని అత్తకి దొడ్లో తెలిసింది. పోయింది మంచి ఎండల్లో. గొడుగు మాత్రం వసారాలో వంకీకి వేలాడుతూనే ఉంది. అత్త లోపలికి వచ్చింది, కొంగు విదిల్చి నెత్తి మీదికి లాక్కుంది, శవాన్ని చూడలేదు, గొడుగునే చూసింది. మొదలుపెట్టింది. ఆవిడ రాగం మూడు నాలుగు స్వరాలు దాటేది కాదు. ముక్క చివర గొంతు ఒక్కసారి దిగిపోకుండా జారుతూ వచ్చేది, జారి జారి ఎక్కడో ఆగి, ఊపిరి అందుకునేది. ఆ ఊపిరి చప్పుడు కూడా పాటలో భాగమే. కంట్రీ పాటల్లో పెడల్ స్టీల్ అని ఓ వాద్యం ఉంటుంది, తీగల మీద ఇనుప కడ్డీ జరుపుతూ, కాళ్ళతో పెడళ్ళు తొక్కుతూ వాయిస్తారు. మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ వాద్యం ఎందుకు తెలిసినట్టనిపించిందో అప్పట్లో అర్థం కాలేదు. గొడుగు పేరెత్తి, దాన్ని పట్టుకెళ్ళకుండా ఈ ఎండలో ఎక్కడికి బయల్దేరావని అత్త అడిగింది. అప్పటిదాకా అరుగు మీద చుట్టలు కాలుస్తున్న మొగాళ్ళు చుట్టలు పారేశారు.

తిరుగు బస్సులో ఆవిడ నాకు జంతికలు పెట్టింది, తనూ తింది, టికెట్టుకి చిల్లర ఇవ్వలేదని కండక్టర్‌తో దెబ్బలాడింది. నాకు అసహ్యమేసింది. ఎవరో తెలియని మనిషి కోసం అంతలా ఏడ్చి, గంటలో జంతికలా? దొంగేడుపు అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

జోన్స్ పాట గురించి చదివాక మాత్రం అత్త మీద గౌరవం పెరిగింది. దొడ్లో ఆవిడ సేకరించినది ఫీల్ కాదు, సమాచారం. గొడుగు, గోడ మీద ఫొటో, ఏ మంచం. హార్లన్ హోవర్డ్ అనే పాటల రచయిత కంట్రీ పాటకి కావలసింది గిటారు మీద మూడు కార్డ్స్, నిజం, అంతే అన్నాడు. ఈ మాట ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు వాడానో మీలో లెక్క పెట్టినవాళ్ళున్నారు. అత్తకి మూడు స్వరాలున్నాయి, చిన్నకోడలు చెప్పిన నిజం ఉంది. లెక్క సరిపోయింది.

సరిపోలేదు. ఇది నేనెప్పుడూ రాయలేదు.

మా అమ్మ పోయినప్పుడు నేను హైదరాబాద్‌లో ఉన్నాను. రాత్రి బస్సు పట్టుకుని తెల్లారేసరికి తెనాలిలో దిగాను. తమ్ముడు స్టాండుకి స్కూటరేసుకు వచ్చాడు. దారిలో చెప్పాడు, మధ్యాహ్నం అన్నం తిని పడుకుందనీ, నిద్రలోనే పోయిందనీ, ఎవర్నీ ఒక్క మాట అనలేదనీ. నేను ఏడవలేదు. మంచు పెట్టె అద్దె ఎంతన్నావు, పురోహితుడికి చెప్పావా, ఇలాంటివే అడిగాను. ఇంటి ముందు చెప్పులు విప్పుతున్నాను. లోపలి నుంచి అత్త గొంతు లేచింది. అబ్బాయి బండి దిగాడా, అబ్బాయి బండి దిగాడా అని రాత్రంతా అడిగావు కదమ్మా, ఇదిగో దిగాడు, ఇప్పుడు మాట్లాడవేమని.

అమ్మ అడగలేదు. రాత్రి అయ్యేసరికి అమ్మ లేనేలేదు. ఆ సంగతి నాకు తెలుసు, స్కూటర్ దిగి రెండు నిమిషాలు కాలేదు. తెలిసీ గుమ్మం పట్టుకుని కూలబడిపోయాను.

పదకొండో రోజు అందరూ సర్దుకున్నాక అత్త వసారాలో తమలపాకుల ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని అడిగాను. "అత్తా, అమ్మ అలా అడగలేదటగా?"

ఆకు మీంచి తలెత్తలేదు. "అడగలేదురా" అంది. సున్నం రాసింది. "మెలకువుంటే అడగదూ?"

షెరిల్ ఆ ఇద్దరికీ పాట తిప్పి ఇచ్చినప్పుడు అడిగిందీ ఇలాంటిదే కాబోలు. ఆమె వచ్చిందని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. రాకుండా ఉంటుందా? పాట మొత్తంలో జోన్స్ నాలుక తిరగని చోటు, వినేవాడికి గొంతు పట్టుకునే చోటు, ఆ మాటల్లో చెప్పే ముక్కే, ఆమె వచ్చే ముక్క. ఆర్డరు మీద అల్లిన ముక్క. హోవర్డ్ చెప్పిన నిజాన్ని నేను ఇన్నేళ్ళు జరిగిన సంగతి అన్న అర్థంలో వాడుకున్నాను. జరగనిది కూడా, జరిగి ఉండేదే అయితే, ఆయన లెక్కలోకి వస్తుందేమో.

దీంతో ఓ చిక్కొచ్చిపడింది. లేనిదాన్ని ఉన్నట్టు అనుకోమని చెప్పినందుకు కదా శనివారం నాకు ఒళ్ళు మండింది? అమ్మ లేదనుకుని పాడమ్మా అన్నాయన, అమ్మ అడిగిందనుకుని ఏడ్చిన మా అత్తకి మరీ అంత దూరపు చుట్టమేం కాదు. ఆయన మాటలో తప్పుంటే ఎక్కడుందో ఈ ఆదివారం నుంచీ వెతుకుతున్నాను. మా ఆవిడ్ని అడిగితే, రెండోసారి ఆ పిల్ల నిజంగానే బాగా పాడిందిగా అంది. విన్నావా అంటే, నువ్వు వెళ్ళిపోయావుగా అంది. నేను వెళ్ళలేదు, వంటింటి గుమ్మం దగ్గర నిలబడే విన్నాను. బాగానే పాడింది.

జడ్జిగారిని ఆ రాత్రి తిట్టుకున్న తిట్లలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఆ తల్లి మొహం మీదికి కెమెరా తిప్పినవాడి ఖాతాలో అలాగే ఉంచాను.