రానుపోను లెక్క

అనుమసముద్రంపేట చుట్టుపక్కల సోలార్ పెట్టించాలనుకునే వాళ్లు అడిగేది ఒక్కటే: ‘ఎన్ని వాట్లు సరిపోతాయన్నా?’ వైరు ఊసెత్తేవాళ్లు అరుదు. అంగట్లో ఏ చుట్ట చేతికందితే అదే మిద్దె ఎక్కుతుంది.

మొన్నటి ఎండల్లో మా వీధిలో బంకు నడిపే అన్న పిలిచాడు. 150 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ. పొద్దుగూకిన కాసేపటికే ఫ్యాను నీరసిస్తోంది. ‘బ్యాటరీ పోయినట్టుంది, కొత్తది తెచ్చేస్తా’ అన్నాడు. మిట్టమధ్యాహ్నం మీటరు పెట్టాం. ప్యానెల్ దగ్గర 15.3 వోల్టులు, కింద కంట్రోలర్ దగ్గర 12.5. మధ్యలో ఉన్నది 15 మీటర్ల ఒకటిన్నర స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు.

కరెంటు పోవాలి, తిరిగి రావాలి. అందుకే 15 మీటర్ల దూరమంటే 30 మీటర్ల రాగి. ఆ 30ని రాగి నిరోధకత 0.0175తో గుణించి, వైరు స్క్వేర్‌తో భాగించి, ఆంపియర్లతో గుణిస్తే దారిలో పోయే వోల్టులు తేలతాయి. ఈ ప్యానెల్ ఇచ్చే 8 ఆంపియర్లకు ఒకటిన్నర వైరు 2.8 వోల్టులు మింగుతుంది. నాలుగు స్క్వేర్ అయితే ఒక వోల్టు, ఆరు అయితే 0.7.

ప్యానెల్ వెనక రాసిన 18 వోల్టులు 25 డిగ్రీల నాటి మాట. రోళ్లు పగిలే రోహిణిలో ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే, డిగ్రీకి 0.4 శాతం చొప్పున తరిగి 15కు దిగుతుంది. లెడ్ బ్యాటరీ నిండాలంటే 14.4 దాకా ఎక్కాలి. ఇక వైరు తినడానికి మిగిలింది అర వోల్టు పైచిలుకే. మన ఎండలో సన్న వైరు చెల్లదు.

2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల రాయితీతో 3 కిలోవాట్లు పెట్టించుకునే వాళ్లకు ఈ బెడద తక్కువ. ప్యానెళ్లను వరుసగా కలిపితే వోల్టులు 250 దాకా పోతాయి, కరెంటు 13 ఆంపియర్ల దగ్గరే ఉంటుంది. 20 మీటర్ల దూరానికి నాలుగు స్క్వేర్‌లో పోయేది ఒక శాతం లోపే. కాకపోతే ఎండకు తట్టుకునే సోలార్ డీసీ కేబులే వాడాలి. ఇంటి వైరు తొడుగు ఎండకు పెళుసెక్కి చిట్లుతుంది.

బంకు అన్నకు లావు వైరుకన్నా ముందు దూరం తగ్గించాం. కంట్రోలర్, బ్యాటరీ గాలాడే మెట్లగదిలోకి మారాయి. ఇప్పుడు ప్యానెల్‌కు 5 మీటర్లే, నాలుగు స్క్వేర్‌లో పోయేది 0.35 వోల్టు. పాత ఒకటిన్నర వైరు ఫ్యానుకు వేశాం. అది లాగేది రెండు ఆంపియర్లే కనుక అక్కడికి చాలు. కొత్త బ్యాటరీ ఖర్చు తప్పింది. కొనబోయేవాళ్లకు నేను చెప్పేదీ అదే: ముందు టేపు పట్టి దూరం కొలవండి, అంగడికి తర్వాత పోదురుగాని.