కూతకెళ్లి తిరిగొచ్చే విద్య

2025 నవంబర్ 24న ఢాకాలో మహిళల కబడ్డీ ప్రపంచకప్ ఫైనల్ జరిగింది. భారత్‌కు ఎదురుగా నిలిచింది చైనీస్ తైపీ. అంతకు రెండేళ్ల ముందు హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో ఆ జట్టు మనవాళ్లకు చెమటలు పట్టించింది. ఆనాడు 26-25తో, ఒకే ఒక్క పాయింటుతో గట్టెక్కాం. ఢాకాలో మాత్రం రీతూ నేగి నాయకత్వంలోని భారత్ 35-28తో గెలిచింది. ఆ 35 పాయింట్లలో 16 తెచ్చిన రైడర్ పేరు సంజూ దేవి. ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా జిల్లాలో ఒక పల్లె ఆమెది. కూలిపనులు చేసుకుని బతికే ఇంటి బిడ్డ. టోర్నమెంటు మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది కూడా ఆమే.

ఆ పదహారు పాయింట్ల వెనుక ఉన్న పనితనం గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. కబడ్డీ అంటే బలం, మొండితనం అనుకుంటాం. దగ్గరగా చూస్తే అందులో ఒక శాస్త్రమే ఉంది.

ఛత్తీస్‌గఢ్ నేలలో ఈ ఆటకు వేళ్లు లోతుగా ఉన్నాయి. 2022 అక్టోబర్ 6న రాయ్‌పూర్‌లోని బల్బీర్ సింగ్ జునేజా ఇండోర్ స్టేడియంలో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్ మొదలయ్యాయి. గిల్లీ దండా, ఖోఖో, కర్రకాళ్ల మీద గేడీ పరుగు, ఫుగ్డీ వంటి 14 ఆటల్లో కబడ్డీకీ చోటిచ్చారు. ఊరి స్థాయిలో మొదలైన పోటీలు రాష్ట్ర స్థాయి దాకా సాగాయి. వీటిలో ఫుగ్డీ ఆడపిల్లల ఆట. గొంతుక్కూర్చుని, కాళ్లను మార్చి మార్చి ముందుకు తోస్తూ, అలుపొచ్చి ఆగిపోయేదాకా ఆడతారు. తొడలకు సత్తువ, ఊపిరికి నిలకడ ఇచ్చే ఆట అది. కూతకెళ్లే మనిషికి మొట్టమొదట కావలసినవి ఆ రెండే. సంక్రాంతికి చెడుగుడు పోటీలు పెట్టుకునే మన ఊళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక కోర్టులోకి వెళ్దాం. మహిళల కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. రెండు పక్కలా మీటరు చొప్పున లాబీ ఉంటుంది. ఎవరినైనా తాకేదాకా రైడర్ లాబీలో అడుగు పెట్టకూడదు. అంటే ఆమెకు మొదట దొరికేది ఆరు మీటర్ల చదరం. అందులో ఏడుగురు ప్రత్యర్థులు కాచుకుని ఉంటారు. నడి గీతకు మూడు మీటర్ల దూరంలో బాక్ లైన్. ఎవరినీ తాకకపోయినా సరే, ఒక్కసారైనా దాన్ని దాటి రావాలి. ఇంకో మీటరు లోపల బోనస్ గీత. చేతిలో ఉన్నది 30 సెకన్లు, గుండెల్లో ఉన్నది ఒక్క ఊపిరి.

కూత అవతలి కోర్టులో కాలు పెట్టకముందే మొదలవ్వాలి. ఆలస్యమైతే అంపైర్ వెనక్కి పంపేస్తాడు. కూత మధ్యలో తెగితే రైడర్ ఔట్. అందుకే మంచి రైడర్ గట్టిగా అరవదు. మాటను లయలో పెట్టి, గాలిని పొదుపుగా వదులుతుంది. నడుము వంచి, మోకాళ్లు మడిచి, బరువంతా పాదాల ముందు భాగం మీద ఉంచుతుంది. మడమ నేలకు ఆనిందంటే తిరగడానికి పట్టే సమయం పెరుగుతుంది. ఆ కాస్త వ్యవధి చాలు, కార్నర్‌లో ఉన్న డిఫెండర్ చీలమండ అందుకోవడానికి.

తాకడంలోనూ రకాలున్నాయి. పక్కనుంచి పరుగు తీస్తూ చెయ్యి విసిరి తాకడం ఒకటి. వెనక్కి తిరిగినట్టు కనిపించి మడమతో తన్నే బ్యాక్ కిక్ ఇంకొకటి. అన్నింటిలోనూ సున్నితమైనది కాలి వేలితో తాకే టో టచ్. వెనక కాలి మీద బరువు ఆపి, ఒళ్లు పక్కకు తిప్పి, ముందు కాలిని నేలబారుగా చాపాలి. వేలు తగలగానే ఆ కాలు తిరిగి రావాలి. ప్రమాదమంతా ఆ తిరిగి రావడంలోనే ఉంది. చాపిన కాలు ఒక్క అంగుళం ఎక్కువ పోయినా తూకం తప్పుతుంది. అప్పుడు కార్నర్ డిఫెండర్ చీలమండ పట్టేస్తే, పక్కనే కవర్ స్థానంలో ఉన్నవాళ్లు వచ్చి మీద పడతారు. బోనస్‌కూ ఇలాంటి నేర్పే కావాలి. అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే ఆ పాయింటు దక్కుతుంది. ఒక పాదం గీత అవతల ఆనాలి, అదే క్షణంలో రెండో పాదం గాలిలో ఉండాలి.

ప్రత్యర్థులు చేతులు కలిపి గొలుసులా చుట్టుముట్టినప్పుడు తప్పించుకునే దారి డుబ్కీ. ఆ చేతుల కింద నుంచి తలవంచి దూసుకుపోవడం. ప్రో కబడ్డీ లీగ్‌లో పర్దీప్ నర్వాల్ దీన్ని ఇంటింటికీ పరిచయం చేశాడు. అన్ని దారులూ మూసుకుపోతే మిగిలేది ఒళ్లు చాచి గీత అందుకోవడం. కూత తెగకుండా అరచెయ్యి గీత దాటితే చాలు, పట్టుకున్నవాళ్లంతా ఔట్.

ఈ విద్య విలువంతా ఇక్కడే ఉంది. అవతలికి వెళ్లడం ధైర్యం ఉన్న ఎవరైనా చేస్తారు. ఎంతమందిని తాకినా తిరిగి రాకపోతే రైడర్ ఖాతాలో ఒక్క టచ్ పాయింటూ పడదు. ఎక్కడ ఆగాలో, ఏ ఆశ వదులుకోవాలో కూత ఆపకుండానే నిర్ణయించుకోవాలి. వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది చావో రేవో అవుతుంది. అప్పుడు పాయింటు తెచ్చి తీరాలి. తెగువనూ వివేకాన్నీ ఒకే శ్వాసలో పరీక్షించే ఆటలు ఎక్కువ లేవు. అందుకే కాబోలు, 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండల్ బృందం కబడ్డీ ప్రదర్శిస్తే విదేశీయులు ఆసక్తిగా చూశారు. 1990లో బీజింగ్‌లో పురుషుల కబడ్డీ, 2010లో గ్వాంగ్‌జౌలో మహిళల కబడ్డీ ఆసియా క్రీడల్లో పతకాల ఆటలయ్యాయి.

పల్లె నేర్పేది సగమే. మట్టి మీద కాలివేళ్లు నేలను పట్టుకుంటాయి. మ్యాట్ మీద బూట్లతో ఆడాలి. పాదం పట్టు వేరు, మలుపు వేగం వేరు, పడితే తగిలే దెబ్బ వేరు. మట్టిలో పెరిగిన అమ్మాయి అంతర్జాతీయ స్థాయికి చేరాలంటే అడుగు వేయడం మళ్లీ నేర్చుకోవాలి. సంజూ దేవికి ఆ అవకాశం బిలాస్‌పూర్ బహతరాయిలోని ప్రభుత్వ కబడ్డీ అకాడమీలో దొరికింది. అక్కడే ఉండి, తిని, రోజూ మ్యాట్ మీద సాధన చేసే వీలుంది. ప్రతిభ ఆమెదే. దానికి పదును పెట్టుకునే చోటు ఇచ్చింది మాత్రం ఆ అకాడమీ.

చోటు ఇంకా చాలామందికి కావాలి. 2014లో మొదలైన ప్రో కబడ్డీ మగవాళ్ల జీవితాలు మార్చింది. రాహుల్ చౌదరి తెలుగు టైటాన్స్ చొక్కాలో మనకు సొంత మనిషయ్యాడు. ఆడవాళ్లకోసం ఆ నిర్వాహకులే 2016లో మూడు జట్లతో పోటీ పెట్టారు. దాని ఫైనల్ మన హైదరాబాద్‌లోనే, గచ్చిబౌలిలో జరిగింది. స్టార్మ్ క్వీన్స్ 24-23తో ఫైర్ బర్డ్స్‌ను ఓడించింది. ఒక్క పాయింటుతో తేలిన ఆ పోటీకి మరుసటి ఏడాది కొనసాగింపు లేకపోయింది.

ప్రపంచకప్ గెలిచిన జట్టుకు సన్మానాలు జరగాల్సిందే. అయితే సన్మానంతో టో టచ్ రాదు, బోనస్ గీత దగ్గర తూకం కుదరదు. ప్రతి జిల్లాలో ఒక మ్యాట్, అమ్మాయిలు ఉండి నేర్చుకునే వసతి, ఏటా జరిగే మహిళల లీగ్ — ఈ మూడూ కావాలి. రాయ్‌పూర్‌లో ప్రభుత్వమే పల్లె ఆటలను స్టేడియానికి తీసుకురాగలిగినప్పుడు, హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం కూడా ఆ పని చేయగలవు. మన ఊరి బడి మైదానంలో కూతపెట్టే పిల్ల తన ఆటతోనే బతకవచ్చని నమ్మిన రోజున ఈ విద్య తరువాతి తరానికి అందుతుంది.