పుట్టుకతో మూతపడే జన్యువు

గర్భస్థ శిశువు రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్, అదే బిడ్డకు తొలి పుట్టినరోజు వచ్చేసరికి చాలావరకు మరో రకానికి చోటు వదిలేస్తుంది. మొదటిదానిలో రెండు ఆల్ఫా, రెండు గామా ప్రోటీన్ గొలుసులు ఉంటే, రెండవదానిలో గామా గొలుసుల స్థానాన్ని బీటా గొలుసులు ఆక్రమిస్తాయి. గామా రకం ఆక్సిజన్‌ను ఎక్కువ బిగువుగా పట్టుకుంటుంది కాబట్టే, గర్భంలోని బిడ్డ తల్లి రక్తం నుంచి దానిని అందుకోగలుగుతుంది. పుట్టిన తరువాత గామా జన్యువు చెడిపోదు, రాలిపోదు, 11వ క్రోమోజోము మీద తన చోటనే జీవితాంతం ఉండిపోతుంది. ఆగిపోయేది దాని వ్యక్తీకరణ, అనగా అందులోని సమాచారం ఆర్‌ఎన్‌ఏగా నకలై, ఆ నకలును బట్టి ప్రోటీన్ తయారయ్యే ప్రక్రియ మాత్రమే.

కేంద్రకం గల కణాలలో ఈ ఆపడం, నడపడం అనేక అంచెలలో జరుగుతాయి. మనిషి కణంలో దాదాపు రెండు మీటర్ల పొడవున్న డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ, ఒక్కొక్క ముద్దకు సుమారు 147 క్షార జంటల చొప్పున, చుట్టుకొని ఉంటుంది. ఆ చుట్ట బిగిసి ఉన్న చోట నకలు తీసే ఎంజైము అడుగు పెట్టలేదు. హిస్టోన్లకు ఎసిటైల్ గుంపులు తగిలినప్పుడు అది సడలుతుంది. జన్యువు మొదట్లో ప్రమోటర్ అనే ఆరంభస్థానం ఉంటుంది, దూరంగా ఎన్‌హాన్సర్లనే ఉద్దీపక భాగాలు ఉంటాయి, వీటిని గుర్తించి అంటుకొనే నియంత్రక ప్రోటీన్లు ఏ కణంలో ఏవి ఉన్నాయన్న దానిని బట్టి ఆ కణం స్వభావం స్థిరపడుతుంది.

బీటా గ్లోబిన్ జన్యువుల వరుస ఈ దూరపు నియంత్రణకు చక్కని ఉదాహరణ. పిండదశలో పనిచేసే ఎప్సిలాన్, గర్భస్థ దశకు చెందిన రెండు గామాలు, ఆ తరువాత డెల్టా, బీటా, ఇలా ఎదుగుదల క్రమంలోనే అవి డీఎన్‌ఏ మీద కూర్చొని ఉంటాయి. బీటా జన్యువును ఒక్కదానినే ఎలుకలలోకి చొప్పించినప్పుడు అది ఒక ఎలుకలో పనిచేసి, మరొక దానిలో మూగబోయి, పరిశోధకులను ఎంతో చికాకు పెట్టింది. 1987లో ఫ్రాంక్ గ్రోస్‌వెల్డ్ బృందం ఈ వరుసకు ఎగువన, బీటా జన్యువుకు వేల క్షారాల దూరంలో ఉన్న ఒక నియంత్రణ ప్రాంతాన్ని కూడా జతచేసేసరికి, జన్యువు ఎక్కడ చొప్పించినా ఎర్ర రక్తకణాలలో నిండుగా పనిచేసింది. అంత దూరం నుంచి పని ఎలా జరుగుతుందన్న ప్రశ్నకు 2002లో సమాధానం బలపడింది: మధ్యనున్న డీఎన్‌ఏ ఉచ్చులా వంగి, నియంత్రణ ప్రాంతం పనిచేస్తున్న జన్యువును నేరుగా తాకుతుంది. అది ఒకసారి గామాను, మరొకసారి బీటాను తాకుతుంది కాబట్టి, ఈ రెంటి మధ్య పోటీ ఉందనే చెప్పాలి.

ఈ విషయం వైద్యానికి అక్కరకు రావడానికి కారణం సికిల్ సెల్ వ్యాధి. బీటా గొలుసులో ఆరవ ఎమైనో ఆమ్లం మారడం వల్ల ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగి, సన్నని రక్తనాళాలలో అడ్డుపడి, భరించలేని నొప్పిని కలిగిస్తాయి. 1948లోనే జానెట్ వాట్సన్ అనే వైద్యురాలు నవజాత శిశువుల రక్తంలో అలా వంగే కణాలు తక్కువగా ఉండడం గమనించి, గర్భస్థ హిమోగ్లోబిన్ వారిని కాపాడుతుండవచ్చని సూచించింది. గామాను మూసివేసే ప్రోటీన్ బీసీఎల్11ఏ అని తేలడానికి మాత్రం 2008 దాకా ఆగవలసి వచ్చింది. అయితే మెదడు ఎదుగుదలకూ బి లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలకూ ఆ ప్రోటీన్ అవసరం కాబట్టి, జన్యువునే తొలగించడం కుదరని పని. 2013లో డేనియల్ బావర్, స్టువర్ట్ ఆర్కిన్ల బృందం ఆ జన్యువు లోపలే, ప్రోటీన్ సమాచారం లేని ఇంట్రాన్ భాగంలో, ఎర్రకణాల వంశంలో మాత్రమే పనిచేసే ఎన్‌హాన్సర్‌ను గుర్తించింది. అక్కడ గాటా1 అనే నియంత్రక ప్రోటీన్ అంటుకొనే చోటును, డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ అనే కత్తెరతో చెరిపితే బీసీఎల్11ఏ ఎర్రకణాలలో తగ్గిపోతుంది, తక్కిన కణాలలో యథాతథంగా ఉంటుంది, గామా తిరిగి మేల్కొంటుంది. తప్పున్న బీటా జన్యువును తాకకుండానే జబ్బును అదుపు చేసిన ఈ పద్ధతిలోని నేర్పు, తప్పును నేరుగా దిద్దడం కంటే ఏ రకంగానూ తక్కువది కాదు. ఇంతమాత్రాన ప్రోటీన్ సమాచారం లేని డీఎన్‌ఏ అంతా ఇలాంటి మర్మాలతో నిండి ఉందనుకోవడం మాత్రం తొందరపాటు.

ఈ క్రిస్పర్ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. రోగి మూలకణాలను బయటికి తీసి, సవరించి, తీవ్రమైన కీమోథెరపీతో పాత ఎముక మజ్జను తుడిచివేసిన తరువాత తిరిగి ఎక్కించాలి. అమెరికాలో నిర్ణయించిన ధర 22 లక్షల డాలర్లు. ఆదిలాబాద్ గోండు, కొలాం గూడేలలోనూ పాడేరు ఏజెన్సీలోనూ ఈ వ్యాధితో బతుకుతున్న కుటుంబాలకు ఆ అంకె ఊహకు కూడా అందదు. భారతదేశంలో ఎక్కువగా కనిపించే సికిల్ జన్యువుతో పాటు గర్భస్థ హిమోగ్లోబిన్‌ను కొంత ఎక్కువగా నిలిపే మార్పు కూడా వంశపారంపర్యంగా వస్తున్నందున, ఇక్కడ కొందరిలో జబ్బు తీవ్రత తక్కువగా ఉంటుంది. అయినా నొప్పితో ఆస్పత్రి మెట్లెక్కేవారికి కొదవలేదు. గర్భస్థ హిమోగ్లోబిన్‌నే పెంచే హైడ్రాక్సీయూరియా మాత్ర మాత్రం పాతది, చవకైనది. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జూలైలో మొదలై, పరీక్షలు ఊరూరా జరుగుతున్న ఈ కాలంలో, రోగమున్నట్లు కార్డు చేతికిచ్చి పంపేయడంతో సరిపెట్టకుండా, ఏజెన్సీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఆ మాత్రలనూ, వాటిని వాడేవారికి తప్పనిసరైన రక్తకణాల లెక్కింపు పరీక్షనూ ఏడాది పొడవునా అందుబాటులో ఉంచవలసిన బాధ్యత రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలది.